సొర, బీర పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి: ఎరువు లోపమా, పురుగా?

సరోజ_మల్కాజిగిరి
అందరికీ నమస్కారం. మృగశిర కార్తెలో మిద్దె మీద పెట్టిన సొర, బీర పాదులు పందిరంతా అల్లుకున్నాయి. పూతకు లోటు లేదు. కాయ మాత్రం ఒక్కటీ చేతికి రావట్లేదు. సొర పిందె వేలంత అవుతుంది, రెండు మూడు రోజులకే మొన దగ్గర పసుపు తిరిగి, ముడుచుకుని రాలిపోతుంది. బీర కొంచెం నయం, జానెడు దాకా పెరుగుతుంది. తర్వాత వంకర తిరిగి కుళ్లిపోతుంది.

విత్తనాల షాపాయన "ఎరువు చాల్లేదమ్మా" అని ఏదో టానిక్ సీసా అంటగట్టాడు. అది కొట్టాక ఆకులు విస్తరాకుల్లా తయారయ్యాయి, పిందెలు మాత్రం అలాగే రాలుతున్నాయి. రోజూ పొద్దున్నే బ్రష్ పట్టుకుని మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకు రాస్తూనే ఉన్నాను. మట్టిలో ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ సమానంగా కలిపి, కాస్త వేపపిండి వేశాను. పాత పెయింట్ బకెట్లు, 20 లీటర్లవి. మా అత్తగారు రోజూ పైకి వచ్చి "పందిరి నీడ మాత్రం భలే ఉందమ్మా" అని మెచ్చుకుని వెళ్తున్నారు. ఎవరైనా దారి చూపించండి.

గాజువాక_అత్తయ్య
ముందు పందిరికి ఓ పాత చెప్పు వేలాడదియ్యి తల్లీ. ఆనప పాదుకి తగిలినంత దిష్టి ఇంకో దానికి తగలదు. తరవాత మిగతా వాళ్లు చెప్పే సైన్సు కూడా విను.

కడియం_కుర్రోడు
అత్తయ్య గారూ, చెప్పు కట్టాక కూడా కాయలు రాకపోతే రెండో చెప్పు కట్టమంటారు మీరు 😀

సరోజ గారు, మీవి రెండు వేర్వేరు సమస్యలండి. ఒకే మందుతో రెండూ పోవాలని చూడకండి. ముందు రాలిన సొర పిందె ఒకటి, కుళ్లిన బీర పిందె ఒకటి తీసుకుని బ్లేడుతో నిలువునా కోసి చూడండి. సొరలో పురుగు లేకుండా లోపల తెల్లగా, శుభ్రంగా ఉంటే దానికి పుప్పొడి అందలేదన్నట్టు. బీరలో బియ్యపు గింజంత తెల్ల పురుగులు కదులుతుంటే అది పండు ఈగ పని.

ఇంకో మాట. పొద్దున్నే బ్రష్ పట్టుకుంటున్నాను అన్నారు చూడండి, అసలు తిరకాసు అక్కడే ఉందనిపిస్తోంది. సొర పువ్వు విచ్చుకునేది సాయంత్రం. పొద్దు వాలే వేళ మొదలుపెట్టి రాత్రంతా తెరుచుకుని ఉండి, మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతుంది. బీర కూడా సాయంత్రం పువ్వే, ఐదు దాటాక విచ్చుకుంటుంది. మీరు వెళ్లేసరికి పని అయిపోయి ఉంటుంది, లేదా ఆ రోజు మొగ్గ ఇంకా ముడుచుకునే ఉంటుంది. తెల్ల పువ్వు పూసే పొట్ల కూడా రాత్రి పక్షమే. వాటి దగ్గరికి వచ్చేది తేనెటీగలు కాదు, చీకటి పడ్డాక తిరిగే రెక్కల పురుగులు. మిద్దె మీద అవి సరిగ్గా రావు, లైట్లుంటే మరీను.

కాకర, దోస, గుమ్మడి మాత్రం పొద్దుటి పువ్వులు. గుమ్మడి తొమ్మిది, పది దాటితే తలుపులు మూసేస్తుంది. నేతిబీర కూడా పొద్దుటిదే. పేరులో బీర ఉందని సాయంత్రం దాకా ఆగారంటే పోయినట్టే.

సరోజ_మల్కాజిగిరి
అయ్యో, ఇన్ని వీడియోలు చూశాను, ఒక్కరూ ఈ మాట చెప్పలేదు! అన్నీ "ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు" అనే చెప్పారు. అవి గుమ్మడి వీడియోలు కాబోలు. రేపు కోసి చూసి చెప్తాను.

బోడకాకర_జగిత్యాల
అక్కా, కడియం అన్న చెప్పింది కరెక్టు. బ్రష్ కూడా అక్కర్లేదు. అప్పుడే విచ్చుకున్న మగ పువ్వు తెంపి, రేకులన్నీ వెనక్కి మడిచి తీసేయ్. నడుమ ఉన్న పసుపు పుప్పొడి కాడ బయటపడుతది. దాన్ని ఆడ పువ్వు నడుమ ఉన్న కీలాగ్రానికి మెల్లగ చుట్టూ అద్దు. సొర కీలాగ్రం మూడు పాయలుగా ఉంటది, మూడింటికీ అంటాలె. ఒక్క పాయకే అంటితే కాయ ఒక పక్క బలిసి, ఒక పక్క సన్నగ, వంకరగ వస్తది. ఒక మగ పువ్వుతోని రెండు ఆడ పువ్వులకు అద్దొచ్చు.

వాన పడే సాయంత్రం అయితే పుప్పొడి ముద్ద కడతది, పనికి రాదు. మబ్బు పట్టిందని తెలిస్తే విచ్చుకోబోయే మగ మొగ్గలను నాలుగింటికే తెంపి గ్లాసు నీళ్లల్ల పెట్టి ఇంట్ల ఉంచు. అవి ఇంట్లనే విచ్చుకుంటయి. వాన ఆగినంక పైకి తీసుకపోయి అద్దు. అద్దినంక ఆడ పువ్వు మీద చిన్న ప్లాస్టిక్ కవర్ టోపీ లెక్క పెట్టు, తెల్లారి తీసెయ్.

వెంకట్_డాలస్
గ్లాసు నీళ్ల చిట్కా బాగుంది బ్రదర్, ఇక్కడ ట్రై చేస్తాను.

మా డాలస్ దగ్గర తెలుగువాళ్ల పెరట్లలో ఇంకో రకం గోల. ఏప్రిల్‌లో పెట్టిన సొర పాదు జూలై దాకా మగ పువ్వులే పూస్తుంది. పగలు పొడుగ్గా, వేడి ఎక్కువగా ఉన్నన్నాళ్లూ పాదు మగ పూత వైపే మొగ్గుతుంది. ఆగస్టు చివర పగలు తగ్గాక ఆడ పువ్వులు ఒక్కసారిగా మొదలవుతాయి. ఇంతలో నవంబర్ వస్తుంది, మొదటి మంచు పడుతుంది, పాదు మాడిపోతుంది. మధ్యలో దొరికేది రెండు నెలలే. అందుకని ఇక్కడ అందరూ చేతికి టార్చ్ కట్టుకుని రాత్రి పెరట్లో తిరుగుతుంటాం. పక్కింటి అమెరికన్ ఆయన ఒకసారి అనుమానంగా కంచె మీంచి తొంగి చూశాడు.

ఎండసీమ_అనంతపురం
సరోజమ్మా, పుప్పొడి సంగతి సరే, బకెట్ సైజు కూడా చూడు. 20 లీటర్ల బకెట్లో సొర పెడితే ఏనుగును బాత్రూంలో కట్టేసినట్టే. పందిరంతా అల్లిన పాదుకు ఎండలో రోజుకు తాగేది ఎంత, ఆ మట్టి నిలుపుకునేది ఎంత! మధ్యాహ్నానికి ఆకులు వాలిపోతే, సాయంత్రం నువ్వు నీళ్లు పోస్తే, అలా ఒకసారి ఎండుతూ ఒకసారి తడుస్తూ ఉంటే పాదు తనంతట తానే పిందెలు దులిపేస్తుంది. 50 లీటర్లకు తగ్గని డ్రమ్మో, పెద్ద గ్రో బ్యాగో కావాలి. బీరకు 30, 40 లీటర్లతో సర్దుకోవచ్చు.

మట్టి మీద మల్చింగ్ వెయ్యి. మాకు ఇక్కడ వేరుశనగ పొట్టు కావాల్సినంత, దాన్నే మందంగా పరుస్తాం. ఎండాకాలంలో నీళ్లు రోజు తప్పి రోజు పోసినా నడిచిపోతుంది. హైదరాబాద్‌లో దొరక్కపోతే ఎండుటాకులు, కొబ్బరి పీచు ఏదైనా సరే. నీళ్ల ఫిల్టర్ నుంచి పారబోసే నీళ్లు మాత్రం రోజూ పోయొద్దు. ఉప్పంతా దాంట్లోనే చేరి ఉంటుంది, మట్టి మీద తెల్లగా పొర కడుతుంది. ఏసీ నీళ్లు పర్వాలేదు.

సివిల్_సుబ్బారావు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. 50 లీటర్ల డ్రమ్ములు అనగానే నా వృత్తి ధర్మం గుర్తొచ్చింది. మనుషులు తిరిగే మిద్దెకు, కట్టడాల మీద పడే బరువులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 కోడ్ లెక్క వేసే అదనపు బరువు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. నీళ్లు పట్టిన మట్టి లీటరుకు కిలోన్నర పైనే తూగుతుంది. మిద్దె నిండా అడుగు మందాన మట్టి పోస్తే చదరపు మీటరుకు 450 కిలోలు దాటిపోతుంది. అలా ఎప్పుడూ చెయ్యొద్దు. కోకోపీట్ పాలు పెంచితే బరువు బాగా తగ్గుతుంది.

పెద్ద డ్రమ్ములన్నీ పిట్టగోడ వెంబడి, కింద గోడలు, బీములు ఉన్న వరసలోనే పెట్టండి. స్లాబు నడిమధ్యలో ఆకుకూరల ట్రేలు చాలు. ప్రతి కుండీ కింద రెండు ఇటుకలు పెడితే నీరు కారిపోయి స్లాబు ఆరుతుంది. పాత ఇల్లయితే, స్లాబు అడుగున పెచ్చులూడి ఇనుము కనిపిస్తుంటే, తోట పెట్టకముందే ఎవరైనా ఇంజినీరుకు చూపించండి.

సరోజ_మల్కాజిగిరి
సుబ్బారావు గారూ, మంచి మాట చెప్పారు. మా డ్రమ్ములు పిట్టగోడ పక్కనే పెడతాం.

కోసి చూశాను. కడియం తమ్ముడు చెప్పినట్టే ఉంది! సొర పిందె లోపల శుభ్రం. బీర కోస్తే ఛీ… తెల్ల పురుగులు, గట్టు మీద పెడితే ఎగిరెగిరి దూకుతున్నాయి. కాయ మీద సూది గుచ్చినట్టు చిన్న చుక్క, అక్కడ గోధుమరంగు జిగురు బొట్టు గట్టిపడి ఉంది. ఇన్నాళ్లూ ఆ బొట్టు చూసి ఏదో మామూలు బంక అనుకున్నాను. వంకర కూడా సరిగ్గా అక్కడే తిరిగింది.

కడియం_కుర్రోడు
దూకేదంటే ఈగ పిల్లలేనండి, అనుమానమే లేదు. ఈగ లేత పిందె తోలుకు సూది లాంటి తోకతో గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. పురుగు లోపలే తిని, కాయ రాలాక మట్టిలోకి దిగి కోశస్థ దశకు వెళ్తుంది, మళ్లీ ఈగై పైకి వస్తుంది. కాబట్టి రాలిన బీరకాయలు కంపోస్టు డబ్బాలో వేశారంటే ఈగల ఫ్యాక్టరీ పెట్టినట్టే. ఒక మందపాటి కవర్లో వేసి మూతి గట్టిగా కట్టి నాలుగైదు రోజులు ఎండలో పడేయండి, ఆ తర్వాత చెత్తబండికి ఇచ్చేయండి. పాదు మొదట్లో మట్టి పైపైన గుల్ల చేసి వేపపిండి కలపండి.

ఈగలను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్ట కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. పందిరి కూరగాయల ఈగకు క్యూలూర్ అనే ఎర ఉన్నది కావాలి. మామిడి, జామ ఈగకు వాడేది మిథైల్ యూజినాల్. రెండూ చూడ్డానికి ఒకటేలా ఉంటాయి. "పండు ఈగ ట్రాప్" అని అడిగితే షాపులో చేతికి అందింది ఇచ్చేస్తారు. డబ్బా మీద చదివి తీసుకోండి. ఇంకా, ఈ బుట్టలో పడేవి మగ ఈగలే. ఆడది తిరుగుతూనే ఉంటుంది. అందుకని బుట్ట కట్టి నిశ్చింతగా కూర్చోవడం కుదరదు. చేతి పరాగ సంపర్కం అయిన రెండో రోజే పిందెకు కాగితం సంచో, పాత దోమతెర గుడ్డతో కుట్టిన సంచో తొడిగేయండి. ఇంటి తోటకు ఇంతకు మించిన మందు లేదు, నా మాట నమ్మండి. కాయ ముదిరే కొద్దీ తోలు గట్టిపడి ఈగకు లొంగదు.

గాజువాక_అత్తయ్య
మేం పాత నైటీ చేతులు కోసి తొడిగేవాళ్లం. దాంతో మా ఆనపకాయలు గౌన్లేసుకున్న పిల్లల్లా ఉండేవి.

మామిడికొమ్మ_నూజివీడు
టానిక్ సంగతి ఎవరూ ఎత్తలేదు. సరోజ గారు, ఆ సీసా పక్కన పెట్టేయండి. ఆకు ముదురాకుపచ్చగా, తీగ ఏపుగా ఉండి కాయ నిలవట్లేదంటే నత్రజని ఎక్కువైందని లెక్క. పశువుల ఎరువు మూడో వంతు ఇప్పటికే ఉంది కదా, పైన ఇంకా నత్రజని ఎందుకు? పొటాష్ కోసం కట్టె బూడిద పాదుకు పిడికెడు, నెలకోసారి చాలు. జీవామృతం చేసుకోగలిగితే మంచిది. 200 లీటర్ల లెక్కను తగ్గించి 20 లీటర్లకు చెప్తాను: ఆవు పేడ కిలో, మూత్రం లీటరు, బెల్లం 200 గ్రాములు, శనగపిండి 200 గ్రాములు, గుప్పెడు మంచి మట్టి. నీడలో పెట్టి గోనె కప్పి, పొద్దున, సాయంత్రం కర్రతో కలపండి. రెండు రోజులకు తయారవుతుంది, వారంలోపు వాడేయాలి. అపార్ట్‌మెంట్ అయితే పొరుగువాళ్ల ముక్కుతో కూడా మాట్లాడుకుని మొదలుపెట్టండి.

లక్ష్మి_కూకట్‌పల్లి
మాది కూడా ఇదే సమస్య. 3జీ కటింగ్ అని, మూడో తరం కొమ్మలు వచ్చేదాకా తీగ కొనలు తుంచుతూ పోతే అన్నీ ఆడ పువ్వులే వస్తాయంటున్నారు, నిజమేనా? కత్తెర చేతిలో పట్టుకుని కూర్చున్నాను, చెప్పండి.

గాజువాక_అత్తయ్య
పెరుగుతున్న పాదు తల కొయ్యడమేంటమ్మా! మా అత్తగారి పాదు పెంకుటింటి కప్పంతా పాకేది, ఎవ్వరూ కత్తెర పెట్టలేదు, వీధంతా పంచేంత కాసేది.

కడియం_కుర్రోడు
అత్తయ్య గారి పాదు నేలలో ఉంది, కప్పంతా దానిదే, ఎన్ని కొమ్మలైనా వేసుకుంటుంది. మిద్దె మీద మనకున్నది చిన్న పందిరి. పేరు 3జీ అన్నారు కానీ కథ చిన్నదే. సొరలో మొదటి తీగ మీద ఎక్కువగా మగ పువ్వులు వస్తాయి, పక్క కొమ్మల మీద ఆడ పువ్వులు ఎక్కువ. తీగ పందిరి ఎక్కగానే కొన తుంచితే పక్క కొమ్మలు త్వరగా వస్తాయి, అంతే. కాకరకూ పనిచేస్తుంది. నేనైతే ఒకసారి తుంచి ఊరుకుంటాను. మూడో తరం దాకా లెక్కపెట్టుకుంటూ తుంచితే పాదు కోలుకునేసరికి కాపు ఆలస్యమవుతుంది. అన్నీ ఆడ పువ్వులే అన్నది వీడియో మాట. మగ పువ్వు లేకపోతే అద్దేదేంటి?

లక్ష్మి గారూ, మీ పాదుకు ఆడ పువ్వులే రావట్లేదా, వచ్చిన పిందెలు రాలుతున్నాయా? రాలుతుంటే కత్తెర లోపల పెట్టేయండి.

లక్ష్మి_కూకట్‌పల్లి
రాలుతున్నాయి. పెట్టేశాను 🙏 బీర పుప్పొడి సొరకు అద్దొచ్చా? సొర మగ పువ్వులు ఒక్కోరోజు ఉండట్లేదు.

బోడకాకర_జగిత్యాల
వద్దక్కా. రెండూ వేరే జాతులు, పట్టవు. సొరకు సొరే. ఇంకో సొర పాదు పెట్టు, రెండు మూడు పాదులుంటే ఏ రోజైనా ఒక మగ పువ్వు దొరుకుతది. బీరకు ఈ బాధ లేదు, మగ మొగ్గలు గుత్తిగ వచ్చి రోజుకొకటి విచ్చుకుంటయి. ఆడది ఒంటరిగ వస్తది.

మా దిక్కు పొడుగు బీర ఉంది, జగిత్యాల లాంగ్ అంటరు. గింజలు దొరికితే పెట్టి చూడండి.

వెంకట్_డాలస్
జగిత్యాల బ్రదర్, నీ పేరు చూసి అడుగుతున్నా. బోడకాకర దుంపలు ఒక స్నేహితుడు ఇచ్చాడు. మూడు తీగలొచ్చాయి, పువ్వులూ వచ్చాయి, కాయ లేదు. ఇదీ సాయంత్రం కథేనా?

బోడకాకర_జగిత్యాల
అన్నా, నీ కథ ఇంకా పెద్దది. బోడకాకరల ఆడ తీగ వేరే, మగ తీగ వేరే. నీ మూడు తీగలూ ఒకటే కావచ్చు. పువ్వు వెనుక చిన్న ముళ్ల పిందె ఉంటే ఆడది, ఒట్టి కాడ ఉంటే మగది. తోటలల్ల పది ఆడ తీగలకు ఒక మగ తీగ పెడతరు. మగది లేకుంటే స్నేహితుని ఇంటికి పోయి పువ్వు అడుక్కోవాల్సిందే.

దొండకు ఇది కూడా లేదు. దొండల కూడా ఆడ, మగ తీగలు వేరే, కానీ మనం నాటే ఆడ తీగకు పుప్పొడి లేకున్నా కాయ వస్తది. అందుకే కొమ్మ గుచ్చి ఊరుకున్నా దొండ కాస్తనే ఉంటది.

వెంకట్_డాలస్
చూశాను. మూడూ మగవే 🤦 పెళ్లి సంబంధాలు చూడాలి ఇక.

మామిడికొమ్మ_నూజివీడు
ఇండియా నుంచి దుంపలు పంపమంటే పంపేవాణ్ణి వెంకట్, కానీ మీ కస్టమ్స్ వాళ్లు సర్టిఫికెట్ లేకుండా విత్తనాలు, దుంపలు రానివ్వరు కదా. అక్కడే ఎవరినైనా చూసుకో.

పద్మ_తిరుపతి
నాకు సొరకాయ వచ్చింది, కూర వండితే విపరీతమైన చేదు. ఉప్పు, చింతపండు వేసి సర్దేశాను. పిల్లలు తినలేదు, నేను కొంచెం తిన్నాను. ఏం కాదు కదా?

కడియం_కుర్రోడు
పద్మ గారూ, ఆ కూర పారబోయండి, ఇంకెవరికీ పెట్టకండి. వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు ఏమైనా మొదలైతే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లి, చేదు సొరకాయ తిన్నానని చెప్పండి. సొర చేదెక్కడానికి కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలు కారణం. ఉడికించినా పోవు, చింతపండుకూ లొంగవు. చేదు సొరకాయ రసం తాగి మనుషులు చనిపోయిన సంఘటనలున్నాయి. ఐసీఎంఆర్ కమిటీ కూడా చేదుగా ఉంటే తాగొద్దని హెచ్చరించింది. ఇది మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు.

కోయగానే చిన్న ముక్క నాలిక్కి ఆనించి, చేదుంటే ఉమ్మేయడం మా ఇంట్లో రివాజు. దోస, బీరకూ అంతే. ఆ పాదు కాయలన్నీ చేదే వస్తే పాదే పీకేయండి, గింజ దాచకండి.

పద్మ_తిరుపతి
బాబోయ్. పారబోశాను. ఇప్పటికైతే బాగానే ఉన్నాను, రాత్రికి ఎలా ఉందో చెప్తాను.

పద్మ_తిరుపతి
ఏమీ కాలేదు, థాంక్యూ తమ్ముడూ. పాదు పీకించేశాను.

సరోజ_మల్కాజిగిరి
అప్‌డేట్! సాయంత్రం దీపం పెట్టాక మిద్దె ఎక్కడం మొదలుపెట్టాను. సొరలో అద్దిన వాటిలో ఎక్కువ నిలబడ్డాయి. నిలబడిన పిందె రెండో రోజుకే కాడ నిటారుతనం తగ్గి కిందికి వంగుతోంది, ఒంటి మీద నూగు మెరుస్తోంది. నిలవనిది అలాగే పైకి చూస్తూ పసుపెక్కుతోంది. చూడగానే తెలిసిపోతోంది. బీరకు అత్తయ్య గారి నైటీ పద్ధతే, మా అమ్మాయి పాత చున్నీ సంచులు కుట్టాను. తొడిగినవి ఒక్కటీ వంకరపోలేదు. పెద్ద డ్రమ్ములు వచ్చే పంటకు, ఇప్పుడున్న పాదులకు వేళ్లు కదపను. పాత చెప్పు కూడా కట్టాను అత్తయ్య గారూ, మీ మాట తీసెయ్యలేదు.

ఒక సందేహం. సొరకాయ ఎంతయ్యాక కోయాలి? మా అత్తగారు ఇంకా పెరగనీ అంటున్నారు.

గాజువాక_అత్తయ్య
గోరు గుచ్చి చూడు. సులువుగా దిగి తడి ఊరితే లేతది, ఆ పూటే కొయ్యి. గోరు దిగకపోతే ముదిరింది. ఒకటి ముదరనిచ్చావంటే పాదు బలమంతా దాని గింజలకే పోతుంది, కొత్త పిందెలు ఆగిపోతాయి. మీ అత్తగారికి పెద్ద కాయ కావాలంటే చివరి కాపులో ఒక్కటి విత్తనానికి వదిలెయ్యి. మొదటి కాయ పాలు పోసి వండు, నువ్వుల పొడి వెయ్యడం మరిచిపోకు.

కడియం_కుర్రోడు
విత్తనానికి వదిలే కాయకు ముందే ఒక పని చేయండి. సాయంత్రం విచ్చుకోబోయే ఆడ మొగ్గ, మగ మొగ్గ రెండింటికీ నాలుగింటికల్లా దారం కట్టేయండి. చీకటి పడ్డాక విప్పి, అద్ది, మళ్లీ ఆడ పువ్వుకు దారం కట్టండి. అప్పుడే పక్కింటి సొర పుప్పొడి కలవదు. కాయ తోలు గట్టిపడి, కాడ ఎండాక, ఊపితే గింజలు గలగలమనే దాకా పాదుకే ఉంచండి. హైబ్రిడ్ ప్యాకెట్ గింజ అయితే ఇదంతా అనవసరం, వచ్చే ఏడు అదే కాయ రాదు. అర్క బహార్ లాంటి, హైబ్రిడ్ కాని సూటి రకం సొర అయితే చేసుకోండి.

సరోజ_మల్కాజిగిరి
ప్యాకెట్ వెతికాను, హైబ్రిడ్ అనే ఉంది. అయితే ముదరనివ్వను, కోసేస్తున్నాను. అర్క బహార్ గింజలు సంక్రాంతి తర్వాత పెట్టొచ్చా, మళ్లీ తొలకరి దాకా ఆగాలా?

కడియం_కుర్రోడు
ఆగక్కర్లేదండి, జనవరి చివర్లో పెట్టేయండి. రాత్రంతా నానబెట్టి పెడితే త్వరగా మొలుస్తుంది. మిద్దె మీద ఏప్రిల్ ఎండకు గ్రీన్ షేడ్ నెట్ మాత్రం ఇప్పుడే కొని పెట్టుకోండి, అప్పుడు రేటు పెంచేస్తారు.